రాతి నేత తెలిసిన పంచాయతీ
(వికారాబాదు, తాండూరు ప్రాంతముల పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మాట్లాడబూనిన విషయము రాయి. తాండూరు వారి యెదుట రాతిని గూర్చి ఉపన్యసించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదని మీలో కొందరనుకొనవచ్చును. ఇంటి నేలకు బండ, అరుగునకు బండ, పైకప్పునకు బండ, చేని గట్టున కంచెకు బండ: మీ జీవితమంతయు రాతి నడుమనే గడచుచున్నది. అయినను మేమొక ప్రశ్న వేయుచున్నాము. మీ పంచాయతీ చేయించిన పనులను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బోరుబావి త్రవ్వించితిరి, అది రాతిలోనికే దిగినది. రోడ్డు వేయించితిరి, దానికి కంకర రాతినుండియే వచ్చినది. చెరువుకట్ట బాగుచేయించితిరి, దాని ముఖమున పరచినది రాయియే. చెత్తకు గుంత చూపితిరి. ఆ గుంత అడుగున ఉన్నదియు రాయియే. ఇన్ని పనులలోను ఆ రాయి ఎట్టిదని విచారించినవారెందరు?

ఒక గ్రామమున ఏబది మీటర్లలో నీరు పడును. పొరుగు గ్రామమున రెండు వందల మీటర్లు త్రవ్వినను పిడికెడు దుమ్ము మాత్రమే పైకి వచ్చును. ఒకచోట రోడ్డు పది వానలకు నిలుచును. వేరొకచోట రెండవ వానకే పొడియగును. దీనికంతకు అదృష్టమే కారణమనుట పొరపాటు. చాలవరకు కారణము కాలిక్రింది రాతిలోనే కలదు. దానిని తెలిసికొనుటకు పెద్ద చదువు అవసరము లేదు. చూచు కన్ను, తాకు వ్రేలు, చిన్న సుత్తె ఉన్న చాలును.

రాతి నేత యననేమి?

బట్ట కొనబోవు రైతు ఏమి చేయును? అంచు పట్టి చూచును. నూలు సన్నమా, దొడ్డా? నేత బిగువా, పలుచనా? నీటిలో తడిసిన ముడుచుకొనునా? ఇట్లే రాతికిని ఒక నేత కలదు. రాతిలోని పలుకులు ఎంత పెద్దవి, ఏ ఆకారమున ఉన్నవి, ఒకదానితోనొకటి ఎట్లు పెనవేసికొన్నవి, వాని నడుమ ఖాళీలు ఉన్నవా లేవా అను నాలుగు సంగతులు కలిసి రాతి నేతయగును. శాస్త్రజ్ఞులు దీనిని కణవిన్యాసమందురు. మనము నేత అనియే పిలుచుకొందము.

నేత ఎట్లేర్పడును? కలకండ తయారుచేయువారిని చూచినచో తెలియును. చక్కెర పాకమును కదపక మెల్లమెల్లగా చల్లారనిచ్చిన పెద్ద పెద్ద స్ఫటికములు కట్టును. అదే పాకమును గరిటెతో కలియబెట్టుచు త్వరగా చల్లార్చిన సన్నని పొడి మిగులును. భూగర్భమున కరగిన శిలాద్రవమునకును ఇదే న్యాయము. లోతున నిదానముగా చల్లారినది పెద్ద పలుకుల రాయియగును. పైకి పొంగి గాలి తగిలి త్వరగా చల్లారినది సన్నని పలుకుల రాయియగును. పలుకు అయిదు మిల్లీమీటర్లకు మించిన ముతక నేత. ఒక మిల్లీమీటరునకు తగ్గిన సన్న నేత. ఈ రెంటి నడుమది మధ్యమ నేత. నీటి అడుగున మట్టివలె పేరుకొన్న రాయి పొరలు పొరలుగా నుండును. ఎండవానలకు క్రుళ్ళి మిగిలిన రాయి తేనెతుట్టెవలె బొరియలతో నుండును.

ఈ నాలుగు విధములును మన జిల్లాలోనే కలవు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ వికారాబాదు జిల్లాలో దక్షిణపు గుట్టలనుండి తాండూరు బండగనుల వరకు ప్రయాణించిన వానికి భూమి చరిత్రలోని నాలుగు ప్రకరణములు కంటబడును. దేశమున ఇట్టి అవకాశము గల ప్రాంతములు అనేకములు లేవు.

మొదటిది గ్రానైటు

దోమ, కుల్కచర్ల వైపు కనబడు గుండ్లు, గుట్టలు గ్రానైటు జాతివి. ఇవి దాదాపు రెండు వందల ఏబది కోట్ల సంవత్సరముల నాటివి. దక్కను పీఠభూమికి పునాదిరాయి ఇదే. తక్కిన రాళ్ళన్నియు దీని మీదనే కూర్చున్నవి. క్రొత్తగా పగిలిన గ్రానైటు ముక్కను ఎండలో త్రిప్పి చూడుడు. గాజువలె మెరయు బూడిదరంగు పలుకు పలుగురాయి, అనగా క్వార్ట్జ్. తెల్లగానో గులాబిరంగుననో నుండి చదునుగా పగులు పలుకు ఫెల్‌స్పారు. నల్లని రేకు అభ్రకము. ఈ మూడును పళ్ళు కరచుకొనినట్లు ఒకదానిలోనొకటి దిగియుండును. నడుమ ఖాళీ లేదు. కావుననే గ్రానైటు బరువు మోయును, నీరు పీల్చదు.

నీరు పీల్చని రాతిలో బావికి నీరెక్కడిది? ఇచ్చటనే పంచాయతీ ఆలోచింపవలయును. గ్రానైటు భూమిలో నీరుండు తావులు రెండే. మొదటిది పైనుండు మొరము పొర. ఎండవానలకు ఫెల్‌స్పారు క్రుళ్ళి మట్టియగును. పలుగు పలుకులు ఇసుకగా మిగులును. ఆ వదులైన పొర నీటిని దాచును. రెండవది దాని క్రింద రాతిలోని నెరియలు. సాధారణముగా నూరు మీటర్ల లోతు దాటినపిమ్మట నెరియలు అరుదగును. కావున గట్టిరాయి తగిలిన తర్వాత “ఇంకొంచెము, ఇంకొంచెము” అని లోతునకు పోవుట పలుమారు ధనమును భూమిలో పోయుటయే యగును. మొరము పొర మందముగా నున్న పల్లపు చోటును వెదకుట మేలు.

గ్రానైటు నీటికి ఇంకొక చిక్కు కలదు. అందలి కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట 1937లో గుర్తించినది పొదిలి, దర్శి ప్రాంతములందే. నల్లగొండ జిల్లా ప్రజలు పడిన బాధ మీరెరుగుదురు. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లీగ్రామునకు లోబడి యుండుట కోరదగినది. వేరు ఆధారము లేనిచోట సైతము ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదు. నీరు తేటగా, తియ్యగా నున్నదని తృప్తిపడరాదు. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు. బోరు నీటిని పరీక్ష చేయింపక బడిపిల్లలకు ఇచ్చుట తగదు.

రెండవది నల్లరాయి

వికారాబాదు, మర్పల్లి, మోమిన్‌పేట ప్రాంతములలో నల్లరేగడి క్రింద కనబడు బరువైన నల్లరాయి బసాల్టు. సుమారు ఆరు కోట్ల అరువది లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్ళనుండి లావా పొంగి, ఒకదానిపై నొకటిగా పొరలు పరచినది. నేటికిని దక్కను ప్రాంతమున దాదాపు అయిదు లక్షల చదరపు కిలోమీటర్లు ఈ రాతి క్రింద నున్నది. కొండ అంచులు మెట్లు మెట్లుగా కనబడుటచే దీనికి ‘ట్రాప్’ అని పేరు వచ్చినది. స్వీడను దేశపు భాషలో మెట్లను సూచించు మాట నుండి ఆ పేరు పుట్టినది.

ఒక లావా పొంగునకు మరియొక పొంగునకు నడుమ ఏండ్లు గడచినవి. ఆ విరామములో చెరువులు ఏర్పడినవి, చెట్లు మొలచినవి, జంతువులు తిరిగినవి. పిమ్మట క్రొత్త లావా వచ్చి వానిని కప్పినది. మన జిల్లాలోని నస్కల్ వద్ద అట్టి నడిమి పొరలో దొరకిన చిన్న పండ్ల అవశేషములను బట్టి, శాస్త్రజ్ఞులు ప్రసాద్, సాహ్నీ 1988లో ఎలుకంత చిన్న క్షీరజంతువు నొకదానిని లోకమునకు పరిచయము చేసిరి. దానికి ‘దక్కనోలెస్టిస్’ అని పేరిడిరి. క్రెటేషియస్ యుగమునాటి క్షీరజంతువు భారతదేశమున దొరకుట అదియే ప్రథమము. ప్రపంచ శాస్త్ర గ్రంథములలో మన పల్లె పేరు నిలిచిపోయినది.

ఇక నేత మాట. బసాల్టు పలుకు కంటికి కనబడనంత సన్నము. అయితే ప్రతి లావా పొర అంతటను ఒకే రీతిగా నుండదు. పొర నడిమి భాగము గట్టిగా, బిగువుగా నుండును. పై భాగమున వాయువు బుడగలు తప్పించుకొనబోయి చిక్కుకొనుటచే పెనము మీది దోసెవలె రంధ్రములు పడును. తర్వాత ఆ రంధ్రములలో తెల్లని ఖనిజములు నిండి, నల్లరాతిలో బాదముగింజలు పొదిగినట్లు కనబడును. బావి త్రవ్వించునపుడు ఇది గుర్తుంచుకొనదగిన సంగతి. రంధ్రములు విడిగా తెరచియుండి, రాయి కొంత క్రుళ్ళి, పగుళ్ళు కలిసినచోట నీరు దొరకును. రంధ్రములన్నియు పూడిపోయిన రాయిలోను, బిగువైన నడిమి పొరలోను నీరు స్వల్పము. ఆ బిగువు పొరను దాటిన పిమ్మట క్రింది పొర తలభాగమున తిరిగి నీరు పడవచ్చును. కావున బోరు యంత్రము పైకి చిమ్ము రాతిపొడిని మూడు మీటర్లకొక పిడికెడు చొప్పున వరుసగా కాగితముపై పోయించి చూచుట మంచిది. పొడి రంగు, ముతకదనము మారినచోట నేత మారినదని తెలియును.

మూడవది ఎర్రరాయి

అనంతగిరి కొండలపై, వికారాబాదు పీఠభూమిపై పరచుకొన్న ఎర్రని బొరియల రాయి లేటరైటు. నల్లరాతి పైభాగమే చిరకాలము ఎండకు, వానకు గురియై ఇట్లు మారినది. వాననీరు సిలికాను, తేలికగా కరగు తక్కిన పదార్థములను కడిగివేయగా ఇనుము, అల్యూమినియము సంబంధమైన పదార్థములు మిగిలి ఈ ఎర్రరాయి ఏర్పడినది. బుకానన్ అను బ్రిటిషు ఉద్యోగి మలబారులోని అంగాడిపురమున ప్రజలు ఈ రాతిని ఇటుకలవలె కోసికొనుట చూచి, 1807లో ప్రకటించిన గ్రంథమున లాటిను భాషలో ఇటుకను తెలుపు మాటతో దీనికి పేరుపెట్టెను. భూమిలో నున్నపుడు మెత్తగా నుండి, కోసి గాలికి ఆరబెట్టిన గట్టిపడుట దీని గుణము.

దీని నేత వడియకట్టు గుడ్డ వంటిది. పైన పడిన వాననీటిని త్రాగి క్రిందికి దించును. క్రింద బిగువైన నల్లరాయియో, బంకమట్టియో తగులగానే నీరు ప్రక్కకు సాగి, కొండ అంచున ఊటగా వెలువడును. మూసీ అనంతగిరి కొండలలో పుట్టుటకును, ఆ అడవి పచ్చగా నుండుటకును ఈ రాతి నేత తోడ్పడుచున్నది. పొరుగున ఉన్న బీదరులో బహమనీల కాలమున, పదునైదవ శతాబ్దిలో, ఈ రహస్యమును గ్రహించి భూమిలో సొరంగమువలె నీటికాలువ త్రవ్విరి. నౌబాదు వద్ద మూడు కిలోమీటర్లకు పైగా సాగిన ఆ కారేజు ఎర్రరాతి ఊటను వంపు వెంట నడపి ఊరికి చేర్చినది. యంత్రము లేదు, విద్యుత్తు లేదు. రాతి నేత తెలిసినవారు చేసిన పని అది.

దీనినుండి మనకు పాఠమేమి? ఎర్రరాతి పీఠభూమి పైనున్న పంచాయతీ మురుగు గుంత త్రవ్విన, ఆ మురుగు క్రింది గ్రామపు ఊటలో తేలవచ్చును. పైనున్న అడవిని కొట్టి, మొరమునంతయు త్రవ్వి తరలించిన, వడియకట్టు గుడ్డను చింపివేసినట్లగును. వాన పడిన నాడు వరద, వాన వెలసిన నాడు కరవు మిగులును. ఇది ఒక్క గ్రామపు వ్యవహారము కాదు. ఎగువ, దిగువ పంచాయతీలు కూడి మాట్లాడుకొనవలసిన విషయము.

నాలుగవది తాండూరు బండ

తాండూరు, బషీరాబాదు ప్రాంతముల బండ సున్నపురాయి. భూగర్భశాస్త్రమున దీనిని భీమానది పేరిట భీమా వర్గపు శిలలలో చేర్చిరి. సరిహద్దు కావల కర్ణాటకలోని షాబాదు బండయు ఈ వర్గమునకు చెందినదే. తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో నుండెను; పాలనా సరిహద్దు మారినను రాతి పొర మారలేదు గదా. హైదరాబాదు సంస్థానపు భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర శాఖను నెలకొల్పిన మహదేవన్ ఈ శిలలను పరిశీలించినవారిలో నొకరు.

ఈ రాయి నల్లరాతి లావాల కంటె ఎంతయో ప్రాచీనమైనది. లోతులేని సముద్రపు అడుగున సన్నని సున్నపు బురద పొరపొరగా దిగి, బరువునకు అణగి రాయియైనది. పలుకు కంటికి ఆనదు. పుస్తకపు పుటలవలె పొరలు మాత్రము కనబడును. ఆ పుటల వెంట ఉలి దించి, గడ్డపారతో ఎత్తగానే బండ విడివడును. నీలి బండ, పసుపు బండ అని మీరు పిలుచు భేదమునకు ముఖ్యకారణము రాతిలోని ఇనుము ఉన్న స్థితియే. 1874లో సికింద్రాబాదు నుండి వాడికి రైలుమార్గము పడిన పిమ్మట ఈ ప్రాంతపు రాతికి దూరదేశపు దారి తెరచుకొన్నది. నేడు కరన్‌కోటలో భారత ప్రభుత్వపు సిమెంటు కార్పొరేషన్ కర్మాగారము ఈ సున్నపురాతినే ముడిసరుకుగా వాడుచున్నది. సున్నపురాతిని బంకమట్టి, ఇనుము గల మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చిన సిమెంటునకు మూలమైన గడ్డలు తయారగును. 

సున్నపురాయి తక్కిన మూడింటివలె గాక నీటిలోనే కరగును. వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లము నెరియల వెంట రాతిని తిని, నెరియలను సందులుగా, సందులను బిలములుగా పెంచును. కావున ఒక బోరులో నీరు పుష్కలముగా పడి, పదడుగుల దూరమున వేరొకటి ఎండిపోవుట ఇచ్చట విచిత్రము కాదు. నీరు కఠినముగా నుండుటయు దీని ఫలమే. సబ్బు నురగ రాకుండుట, పప్పు ఉడుకకుండుట, నీళ్ళు కాచు పాత్రకు తెల్లని పెచ్చు కట్టుట ఆడపడుచులకు బాగుగా తెలిసిన సంగతులు.

వీటికన్న ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. ఇసుకనేలలో మురికినీరు మెల్లగా వడియకట్టబడి క్రిందికి చేరును. సున్నపురాతి సందులలో వడియకట్టు ఇసుక లేదు. ఒకచోట గుంతలో పడిన మురికి, గొట్టములో ప్రవహించినట్లు, బావికి త్వరితముగా చేరవచ్చును. పాడుబడిన బండగని గుంతను ఊరి చెత్తకు, చచ్చిన పశువులకు, మరుగుదొడ్ల మురుగునకు వాడిన, అది ఊరి బావిలో కలిపినట్లే యగునని గ్రహింపుడు. మిషన్ భగీరథ నీరు కుళాయికి వచ్చుచున్నది కదాయని ఊరకుండరాదు. గొట్టము పగిలిన దినమున, కరెంటు లేని దినమున, పశువులకును పొలమునకును దిక్కు ఆ బావియే.

ఏ పనికి ఏ రాయి?

రోడ్డు కంకరకు బసాల్టు శ్రేష్ఠము. దాని సన్ననేత దెబ్బకు ఓర్చును. తారు కూడ దానిని గట్టిగా పట్టుకొనును. గ్రానైటు కంకర బలమైనదే, కాని అందలి పలుగు పలుకునకు తారు అంత గట్టిగా అంటదు. సున్నపురాయి చక్రముల రాపిడికి నునుపెక్కి జారును. రోడ్డు పైపొరకు తగదు. క్రుళ్ళిన నల్లరాయి చూచుటకు గట్టిగా కనబడినను తడిసి ఆరిన పిమ్మట పొడియగును. గుత్తేదారు తెచ్చిన కంకరలో ఆకుపచ్చ మట్టిరంగు, గోటితో గీరిన రాలు పొడి ఉన్నచో నిరాకరింపుడు.

కట్ట ముఖమునకు గ్రానైటు గాని బిగువైన నల్లరాయి గాని వాడవలయును. బండను నేలకు పరచునపుడు భూమిలో నున్నట్లే పొర అడ్డముగా నుండవలయును. పొర నిలువుగా నుంచిన పెచ్చులుగా లేచును. పైకప్పునకు వాడు బండను సుత్తెతో తట్టి చూడుడు. గంటవలె మ్రోగిన లోపల పగులు లేదు. బొద్దుగా పలికిన పగులు కలదు. బడి వంటశాలలోను, అంగన్‌వాడీలోను తాండూరు బండ పరచినచో చింతపండు పులుసు, నిమ్మరసము ఒలికిన వెంటనే తుడువవలయునని చెప్పుడు. పులుపు సున్నపురాతిని తినును. మెరుగు పోయి మచ్చ మిగులును. మరుగుదొడ్డిని కడుగు ఆమ్లము మరింత చేటు.

పంచాయతీ చేయదగిన పరీక్షలు

రాతిని క్రొత్తగా పగులగొట్టి చూడుడు. పైపొర మోసము చేయును. కత్తి మొనతో గీరుడు. సున్నపురాతిపై గాటు పడును. పలుగు పలుకుపై కత్తిగీత పడదు సరికదా, ఆ పలుకే గాజును గీయును. గీరిన పొడిపై నిమ్మరసమో, పలుచని ఆమ్లమో ఒక చుక్క వేయుడు. బుసబుస పొంగిన సున్నము కలదు. నల్లరాతిలో తెల్ల గింజ మాత్రమే పొంగి, నల్లభాగము పొంగకున్న అది రంధ్రములో చేరిన సున్నపు ఖనిజమని తెలియుడు. ఆమ్లము వాడునప్పుడు కంటికి, చేతికి తగులకుండ జాగ్రత్త వహింపవలయును, పిల్లల చేతికీయరాదు.

నీరు పీల్చు గుణము తెలియుటకు రాతి ముక్కను బాగుగా ఆరబెట్టి తూచుడు; ఒక పగలు, ఒక రాత్రి నీట నుంచి, పై తడి తుడిచి మరల తూచుడు. రెండు కిలోల ముక్క పది గ్రాములు పెరిగిన, నూటికి అర పాలు నీరు పీల్చినదన్నమాట. అదే ముక్క రెండు వందల గ్రాములు పెరిగిన నూటికి పది పాళ్ళు. మొదటిది కట్టకు, రోడ్డునకు పనికివచ్చును, రెండవది రాదు. ఊరి కిరాణా దుకాణపు త్రాసే ఇందుకు చాలును.

ధూళి, గుంత, వ్యర్థము

రాయి మనకు కూడు పెట్టుచున్నది. అది మనుష్యుని ఊపిరిని తినుటయు కలదు. గ్రానైటును పగులగొట్టునపుడు లేచు పలుగు ధూళి కంటికి కనబడనంత సన్ననిది. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధి కలిగించును. ఆ వ్యాధి వచ్చిన పిమ్మట పూర్తిగా మాన్పు మందు లేదు. క్షయయని పొరబడి ఏండ్ల తరబడి మందులు మ్రింగువారును కలరు. నివారణ మాత్రము సులభము: నీరు చల్లుచు తొలుచుట, కోయుట, ధూళిని పీల్చు యంత్రములు, సరియైన ముసుగు. ముఖమునకు కట్టుకొన్న తువ్వాలు ఈ ధూళిని ఆపజాలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను గనిపనిలో పెట్టుట చట్టవిరుద్ధము. మీ ఊరి బడి హాజరుపట్టీలో ఏ పిల్లవాడు ఎందుకు రాలేదో అడుగు అధికారము మీకు కలదు.

బండను మెరుగుపెట్టు యంత్రములనుండి వచ్చు తెల్లని బురదను వాగులో వదలినచో, ఆ సన్నని పొడి వాగు అడుగున దిగి నీరింకు రంధ్రములను మూసివేయును. ఇచ్చట కూడ నేత సంగతియే. కాగ్నా వాగుల అడుగు మూసికొనిపోయిన, ప్రక్క బావులకు ఊట తగ్గును. పాడుబడి నీరు నిండిన గని గుంతలకు కంచె లేకున్న వేసవిలో ఈతకు పోవు పిల్లలు ప్రాణములు కోల్పోవుదురు. కంచెకు బండలు వెదకనక్కర లేదు. అవి గుంత ప్రక్కనే పడియున్నవి.

చట్టము సైతము కొంత తెలియవలయును. 1957 నాటి కేంద్ర గనుల, ఖనిజముల చట్టము చిన్నతరహా ఖనిజములపై నియమములు చేయు అధికారమును రాష్ట్రములకిచ్చినది. దాని క్రింద 1966లో మన నియమావళి ఏర్పడినది. ఒకే సున్నపురాయి బండగా కోసిన చిన్నతరహా ఖనిజము, సిమెంటునకు త్రవ్విన పెద్దతరహా ఖనిజము అగును. 2015లో చేసిన సవరణ వలన గనులచే ప్రభావితమైన ప్రాంతముల మేలునకు జిల్లా ఖనిజ నిధి ఏర్పడినది. త్రాగునీరు, ఆరోగ్యము వంటి అవసరములకు ఆ నిధినుండి పనులు కోరుటకు గ్రామసభ తీర్మానము బలమగును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము క్రొత్త బావి త్రవ్వుటకు ముందు అనుమతిని విధించినది. ఆ కాగితమును భారముగా తలపక, భూగర్భజల శాఖవారిచే స్థలమును పరీక్ష చేయించుకొను సందర్భముగా వాడుకొనుడు.

రాతి పుస్తకము

పంచాయతీ సభ్యులారా, ఇంతకు మేము కోరునది స్వల్పము. ప్రతి పంచాయతీ కార్యాలయమున ఒక రాతి పుస్తకము, దాని ప్రక్క ఒక చెక్కపెట్టె ఉంచుడు. ఊరి నాలుగు దిక్కుల రాతి ముక్కలను తెచ్చి, ఎచ్చటివో వ్రాసి పెట్టెలో నుంచుడు. త్రవ్విన ప్రతి బోరునకు లోతు, ఏ లోతున ఏ రంగు పొడి వచ్చెనో, నీరు ఎచ్చట పడెనో, ఎండిపోయినచో ఆ సంగతియు పుస్తకమున వ్రాయింపుడు. ఎండిన బోరు లెక్క వ్రాయుటకు ఎవరికిని మనసొప్పదు. కాని తర్వాతి వారికి ఎక్కువ పనికివచ్చునది అదియే. పాత గని గుంతలు ఎన్ని, వానిలో కంచె ఉన్నవెన్ని, చెత్త పడుచున్నవెన్ని అనునది వేరొక పుటలో వ్రాయుడు. బడి ఉపాధ్యాయులు, పై తరగతి పిల్లలు ఈ పనికి సంతోషముతో ముందుకు వత్తురు. బండగనిలో తలనెరసిన పనివారిని తప్పక పిలువుడు. ఏ పొర ఎచ్చట మొదలగునో, ఏ బండ క్రింద నీరూరునో వారి చేతులకు తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. ఆ జ్ఞానము వారితో పోకముందే పుస్తకమున చేరవలయును.

2022లో తాండూరు కందిపప్పునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పప్పు రుచికి ఈ నల్లని నేల కారణము. ఆ నేలకు క్రిందనున్న రాయి కారణము. కంచములోని అన్నమునకును, కుండలోని నీటికిని మూలము కాలిక్రిందనే కలదని దీనివలన తెలియుచున్నది.

వచ్చు గ్రామసభలో తక్కిన విషయములతోపాటు ఈ విషయమును కూడ చేర్చి, మొదటి పనిగా ఊరి బావి చుట్టునున్న గుంతలను చూచి రండు. అందు చెత్త కనబడినచో ఆ వారములోనే తీయింపుడు.